చేతికి పని లొంగకపోతే: పెద్దయ్యాక డిస్‌ప్రాక్సియా నిర్ధారణ

గ్లాసు చేయి జారడం, గుమ్మం దాటుతూ భుజం తగిలించుకోవడం, సంతకం ఒక్కోసారి ఒక్కోలా రావడం ఎవరికైనా జరిగేవే. కొంతమందికి మాత్రం ఇవి ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ జరుగుతుంటాయి. బడిలో రాత కోడిగీతలని మాట పడతారు. సైకిలు అందరికంటే ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు. తెలివికి లోటుండదు. చదువు పూర్తిచేస్తారు, ఉద్యోగంలో చేరతారు. అక్కడ కొత్త కష్టం మొదలవుతుంది. తోటివాళ్లు అరగంటలో ముగించే పని వీళ్లకు గంటన్నర పడుతుంది. సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది. ఏడాది చివర పనితీరు సమీక్షలో 'శ్రద్ధ తక్కువ' అన్న మాట కనిపిస్తుంది. ఇలాంటి వాళ్లలో కొందరికి ఉన్నది శ్రద్ధలోపం కాదు, డిస్‌ప్రాక్సియా.

వైద్యుల పుస్తకాల్లో దీని పేరు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, పొట్టిగా డీసీడీ. కండరాల్లో బలం లేక వచ్చేది కాదిది. ఒక కదలికను ముందే ఊహించి, వరుసలో పేర్చి, చేతికీ కాలికీ అందించే పనిలో మెదడుకు పుట్టుకతో ఉన్న తేడా. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5, 6 శాతం మందిలో ఇది ఉంటుంది. 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. వాళ్లలో చాలామందికి పెద్దయ్యాక కూడా పోదు. హ్యారీ పోటర్ సినిమాల నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకు స్వల్పస్థాయిలో డిస్‌ప్రాక్సియా ఉందన్న సంగతి 2008లో బయటపెట్టాడు. షూ లేసులు కట్టుకోవడం అప్పటికీ అతనికి కష్టంగానే ఉండేది.

దీనికి రక్తపరీక్ష లేదు. ఎమ్మారై తీయించినా మామూలుగానే ఉందని రావడమే ఎక్కువ. మీ బాల్యం గురించి విని, మీరు పనిచేసే తీరు చూసి, వేరే జబ్బేదీ లేదని రూఢి చేసుకుని వైద్యులు ఒక నిర్ణయానికి వస్తారు. పిల్లల విషయంలో అమ్మానాన్నలు, టీచర్లు పక్కనుండి చెబుతారు. ముప్పై అయిదేళ్ల మనిషి వెంట వచ్చి చెప్పేవాళ్లెవరు? అందుకే డాక్టరును వెతికే ముందు సాక్ష్యం వెతకండని గట్టిగా చెబుతాను. ఏ కాగితమూ లేకుండా వెళితే 'డిగ్రీ చేశారు, ఉద్యోగం చేస్తున్నారు, ఇంకేం సమస్య?' అనిపించుకుని తిరిగి రావలసి వస్తుంది. ఆ ప్రశ్న అడిగిన డాక్టరును తప్పుపట్టలేం. మీరు పడే శ్రమ ఆయనకు కనపడదు, మీరు సాధించినదే కనపడుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ తడబాటు ఎప్పటినుంచి? చిన్నప్పటి నుంచీ ఉంటేనే డిస్‌ప్రాక్సియా గురించి ఆలోచించాలి. పోయిన ఏడాది దాకా చక్కగా రాసిన చేయి ఇప్పుడు వణుకుతుంటే, నడకలో తూలు వస్తుంటే, వస్తువులు జారిపోవడం ఈమధ్యే మొదలైతే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ తేడాలు, మధుమేహంతో నరాలు దెబ్బతినడం, పార్కిన్సన్స్, మరికొన్ని నరాల జబ్బులు ఇలాగే మొదలవుతాయి. మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్, మానసిక చికిత్సలో వాడే లిథియం లాంటి మందులు కూడా చేతులు వణికిస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చేయీ పట్టు తప్పినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు.

నిర్ధారణ ఎవరికి అవసరం?

అనుమానం ఉన్న ప్రతివాళ్లూ ఆసుపత్రుల చుట్టూ తిరగనక్కర్లేదని నా అభిప్రాయం. మీ పని సాఫీగా సాగుతూ, ఒకటి రెండు చోట్లే చిక్కు ఉంటే, పెద్దవాళ్లతో పనిచేసిన ఆక్యుపేషనల్ థెరపిస్టును నేరుగా కలిసి ఆ పని వరకు మెళకువలు నేర్చుకోవచ్చు. దానికి జబ్బు పేరుతో పనిలేదు.

పేరు కావలసిన సందర్భాలు వేరు. ఈ ఇబ్బంది వల్లే ఉద్యోగం పోయే పరిస్థితి ఉన్నా, ప్రమోషన్ ఆగినా, చేత్తో రాయాల్సిన పోటీ పరీక్షల్లో సమయం చాలకపోయినా కాగితం మీద నిర్ధారణ ఉండాలి. యంత్రాల దగ్గరో, ల్యాబులోనో, వేడినూనె పక్కనో పనిచేస్తూ తరచూ దెబ్బలు తగులుతుంటే కూడా అంతే. మరో సందర్భం కూడా ఉంది, బయటికి చెప్పుకోనిది. ఇరవై, ముప్పై ఏళ్లుగా 'మొద్దు', 'నీ చేతిలో ఏదీ నిలవదు' అన్న మాటలు వినీ వినీ తన మీద తనకే నమ్మకం పోయినవాళ్లు ఉంటారు. ఆడవాళ్లకు ఇది రెండింతలు. మగపిల్లవాడి చేతిరాత బాగోకపోతే నవ్వి ఊరుకుంటారు. ఆడపిల్లకు ముగ్గు తిన్నగా రాకపోయినా, చపాతీ గుండ్రంగా రాకపోయినా, చీర కుచ్చిళ్లు నిలవకపోయినా పెంపకం దాకా వెళతారు. గణాంకాల్లో ఈ ఇబ్బంది మగపిల్లల్లోనే ఎక్కువగా కనపడుతుంది. డీఎస్ఎం ఆ నిష్పత్తిని రెండుకు ఒకటి మొదలు ఏడుకు ఒకటి దాకా చెబుతుంది. అయితే ఆడపిల్లలు గుర్తింపునకు రాకుండా పోవడం కూడా అందులో కొంత కారణమని నేను నమ్ముతాను. తనలో ఉన్నది సోమరితనం కాదని తెలియడం ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. అందుకోసమైనా నిర్ధారణకు వెళ్లవచ్చు.

సాక్ష్యం సేకరించడం

డీఎస్ఎం-5 నాలుగు విషయాలు చూడమంటుంది. వయసుకూ నేర్చుకోవడానికి దొరికిన అవకాశానికీ తగ్గ నేర్పు చేతులకూ కాళ్లకూ రాకపోవడం, దానివల్ల రోజువారీ జీవితం లేదా చదువు లేదా ఉద్యోగం దెబ్బతినడం, అది చిన్నతనంలోనే మొదలై ఉండటం, చూపు లోపమో మేధో వైకల్యమో నరాల జబ్బో దానికి కారణం కాకపోవడం. నాలుగోది డాక్టరు తేల్చాలి. మొదటి మూడింటికీ ఆధారం తేవలసింది మీరే.

బాల్యం సంగతులకు అమ్మే మొదటి దిక్కు. కానీ 'చిన్నప్పుడు నాకేమైనా ఇబ్బంది ఉండేదా అమ్మా?' అని అడిగితే 'నీకేంరా, బంగారం లాంటివాడివి' అంటుంది. డాక్టరు ముందు కూడా అదే అంటుంది. ప్రశ్న చిన్నదిగా, పని పేరుతో అడగాలి. చొక్కా గుండీలు ఎన్నో తరగతిలో సొంతంగా పెట్టుకున్నాను? చెప్పులు కుడిఎడమలు మార్చి వేసుకోవడం ఎప్పటిదాకా ఉంది? అన్నం కలుపుకుని తింటే కంచం చుట్టూ మెతుకులు పడేవా? జడ ఎవరు వేసేవారు, ఎంతవరకు? బంతి విసిరితే పట్టుకునేవాడినా, మొహం తిప్పేసుకునేవాడినా? తాడాటలో, తొక్కుడు బిళ్లలో నన్ను జట్టులో చేర్చుకునేవారా? అమ్మ గుర్తుచేసుకోలేకపోతే అక్కనో అన్ననో అడగండి. మీ వల్ల వాళ్లకు పడిన తిట్లు వాళ్లు మరిచిపోరు, ఉన్నదున్నట్టు చెబుతారు. వాళ్లు చెప్పింది అరపేజీ రాయించి, తేదీ వేసి, సంతకం తీసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సైకిలు రాకపోవడం ఇంట్లో సైకిలే లేనివాళ్ల విషయంలో సాక్ష్యం కాదు. ఆడపిల్లను వీధిలో ఆడుకోనివ్వని ఇంట్లో ఆటలు రాకపోవడమూ సాక్ష్యం కాదు. అవకాశం ఉండి, సాధన చేసి కూడా రానివే లెక్కలోకి వస్తాయి. మీ తోడబుట్టినవాళ్లంతా నేర్చుకుని మీకొక్కరికే రాని పనులు ఏరుకోండి. డాక్టరు ముందు వాటికి విలువ ఎక్కువ.

కాగితాలు దొరికితే మరీ మంచిది. అటక మీద ట్రంకుపెట్టెలో ప్రోగ్రెస్ కార్డులు ఉండవచ్చు. 'చేతిరాత మెరుగుపరుచుకోవాలి' అని ఏటేటా రాసిన క్లాస్ టీచరు మీకు తెలియకుండానే మీ తరఫున సాక్ష్యం రాసిపెట్టారు. లెక్కల నోట్సులో అంకెలు ఒకదాని కింద ఒకటి పడకుండా పక్కకు జరిగిపోవడం, సైన్సు రికార్డులో బొమ్మలు చెరిపి చెరిపి కాగితం చిరగడం, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పిపెట్టు దగ్గర మార్కులు పోవడం, డ్రైవింగు పరీక్ష మళ్లీ మళ్లీ తప్పడం, ఇవన్నీ పనికొస్తాయి. ఫోటోలు తీసి ఒకచోట పెట్టండి.

ఇక ప్రస్తుతం. రెండు వారాలపాటు రోజుకు అయిదు నిమిషాలు కేటాయించి పని డైరీ రాయండి. 'నేను నెమ్మది' అని రాస్తే ఉపయోగం లేదు. 'స్టాకు రిజిస్టరు ఎక్కించాను. పక్క సీటు వాళ్లకు అరగంట, నాకు గంటన్నర. రెండు చోట్ల అంకెలు పక్క గడిలో పడ్డాయి. తర్వాత మెడ, మణికట్టు నొప్పి' అని రాయండి. బ్యాంకు క్యాషియరయితే నోట్లు లెక్కించడం, నర్సయితే సిరంజిలోకి మందు తీయడం, టీచరయితే బోర్డు మీద వరుస తిన్నగా రాయడం, సాఫ్ట్‌వేరు ఉద్యోగి అయితే మీటింగులో వింటూనే నోట్సు రాసుకోవడం. రెండు పనులు కలిసి వచ్చినచోట ఏది తప్పుతోందో ప్రత్యేకంగా గమనించండి, డిస్‌ప్రాక్సియా ఎక్కువగా పట్టుబడేది అక్కడే. ఆఫీసుకు వెళ్లే దారి కూడా రాయండి. ట్రాఫిక్‌లో స్కూటీ నడపడానికి భయపడి రోజూ ఆటోకు పెట్టే డబ్బు ఈ ఇబ్బంది ఖర్చే. ఇంటి పనులూ రాయండి: కూరగాయలు తరగడం, గడ్డం గీసుకోవడం, పప్పు ఒలకకుండా వడ్డించడం.

పెద్దల కోసం ఒక ప్రశ్నావళి కూడా ఉంది. అమండా కర్బీ, సారా రోసెన్‌బ్లమ్ మరికొందరు కలిసి రూపొందించి 2010లో ప్రచురించారు. ఏడీసీ అని పిలుస్తారు. బాల్యం గురించి కొన్ని ప్రశ్నలు, ఇప్పటి జీవితం గురించి కొన్ని ఉంటాయి. బ్రిటన్, ఇజ్రాయెల్ విద్యార్థులతో పరీక్షించి చూసిన ప్రశ్నలివి. అది పూర్తిచేసి వెంట తీసుకెళ్లండి. కానీ అందులో వచ్చిన అంకెను చూసుకుని మీ అంతట మీరే తీర్పు చెప్పుకోవద్దు. అది జల్లెడ మాత్రమే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మన రాష్ట్రాల్లో పెద్దవాళ్ల డిస్‌ప్రాక్సియా కోసం ప్రత్యేకంగా నడిచే క్లినిక్కులు అరుదు. ఒకే గదిలో అంతా తేలదు, ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్లాలి. ముందు ఫిజీషియన్ లేదా న్యూరాలజిస్టు. వేరే జబ్బేదీ లేదని తేల్చడం ఆయన పని. ఆ మాట ఓపీ చీటీ మీద రాయించుకోండి, తర్వాత అందరూ అదే అడుగుతారు. కంటి పరీక్ష కూడా అప్పుడే చేయించుకుంటే మేలు.

తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఫిజియోథెరపిస్టు వేరు, ఈయన వేరు. ఫిజియో కీళ్లూ కండరాలూ చూస్తే, ఈయన మనిషి రోజువారీ పని ఎలా చేస్తున్నాడో చూస్తారు. మీ చేతిరాత, గుండీలు, ఒంటికాలి మీద నిలబడటం, మడమకు వేలు తగిలేలా గీత మీద నడవడం, బంతి పట్టుకోవడం, చిన్న వస్తువులు వేళ్లతో తిప్పడం లాంటివి చేయించి చూస్తారు. మూడోవారు సైకియాట్రిస్టు, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు. ఏడీహెచ్‌డీ, ఆటిజం, డిస్‌లెక్సియా లాంటివి కూడా ఉన్నాయా అన్నది వీళ్లు చూస్తారు. డీసీడీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది. అది ఉంటే దానికి మందులున్నాయి కాబట్టి ఈ మెట్టు దాటవేయొద్దు.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ నిమ్స్, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్‌హాన్స్ ఈ దారిలో తొలి అడుగుకు పనికొస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రధానంగా మేధో వైకల్యం మీద పనిచేస్తుంది. ఎదుగుదల లోపాలు తెలిసిన సైకాలజిస్టులు, థెరపిస్టులు అక్కడుంటారు. సరైన చోటికి పంపమని అడగవచ్చు.

ప్రైవేటుగా వెళ్లేవాళ్లు ఫీజు కట్టే ముందే ఫోనులో అడగాల్సినవి ఉన్నాయి. పెద్దవాళ్లను పరీక్షిస్తారా, పిల్లల్ని మాత్రమేనా? నేను పనిచేస్తుంటే చూస్తారా, లేక ప్రశ్నలు అడిగి పంపుతారా? మొత్తం ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చు? రిపోర్టు లిఖితంగా ఇస్తారా, ఉద్యోగానికి సంబంధించిన సూచనలు అందులో ఉంటాయా? వీటికి తిన్నగా జవాబు రాకపోతే వేరేచోటు చూసుకోండి. వారం రోజుల్లో మెదడును సరిచేస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లవద్దు.

డాక్టరుకు 'డిస్‌ప్రాక్సియా' అన్న మాట కొత్తగా అనిపిస్తే కంగారు పడొద్దు. జబ్బులకు కోడ్‌లిచ్చే జాబితాలున్నాయి, ఐసీడీ-10లో ఎఫ్82, ఐసీడీ-11లో 6ఏ04 అని చెప్పండి. ఆ కోడ్ పట్టుకుని వాళ్లే చూసుకుంటారు. గూగుల్లో చదివాను అని మొదలుపెట్టకుండా 'చిన్నప్పటి నుంచీ ఈ ఇబ్బంది ఉంది డాక్టరు గారూ, ఇదిగో డైరీ, ఇవిగో బడి కాగితాలు' అని మొదలుపెడితే మాట వేరుగా సాగుతుంది.

పరీక్షకు ముందు రోజు రాత్రి డ్యూటీ చేసి వెళ్లొద్దు. చేతకాని పనిని ఇంట్లో పదిసార్లు సాధన చేసీ వెళ్లొద్దు. జీవితమంతా లోపం కనపడకుండా దాచుకోవడం అలవాటైన మనిషి ఆ గదిలో కూడా దాచుకుంటాడు. అక్కడ బాగా చేసి చూపించడం మీకే నష్టం. ఒక పని చేయగలిగినా ఎంత ఏకాగ్రత పెట్టి చేశారో నోటితో చెప్పండి.

కొలతల సంగతి కూడా తెలుసుకోండి. ప్రపంచంలో ఎక్కువగా వాడే మూవ్‌మెంట్ ఏబీసీ పరీక్ష రెండో కూర్పు ప్రమాణాలు 16 ఏళ్ల దాకానే ఉన్నాయి. బ్రూయినింక్స్-ఒసెరెట్‌స్కీ పరీక్ష రెండో కూర్పువి 21 దాకా. నలభై ఏళ్ల మనిషికి వీటిలో వచ్చిన అంకె పక్కా తీర్పు కాలేదు. కాబట్టే బాల్య చరిత్ర, పని డైరీ అంత ముఖ్యమని పదేపదే చెబుతున్నాను. 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పెద్దవాళ్ల గురించి కూడా సూచనలున్నాయి. యూరోపియన్ అకాడమీ ఆఫ్ చైల్డ్‌హుడ్ డిసెబిలిటీ వాటిని తెచ్చింది. మీ థెరపిస్టుకు వాటి పేరు చెప్పవచ్చు.

రిపోర్టులో జబ్బు పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఏ పనులు ఎంతవరకు ఇబ్బంది పెడుతున్నాయి, ఎప్పటినుంచి, ఏ మార్పులు చేస్తే పని సాగుతుంది అన్నవి స్పష్టంగా రాయమని అడగండి. హెచ్ఆర్ వాళ్లు చదివేది ఆ చివరి పేరానే.

చట్టం ఏమంటుంది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అన్న పద్దు కింద డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియాలతోపాటు డిస్‌ప్రాక్సియా పేరు కూడా రాసి ఉంది. చాలామంది అధికారులకే ఈ సంగతి తెలియదు. చట్టం షెడ్యూలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

రిజర్వేషన్ విషయంలో మాత్రం ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది. ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు ఒకే వర్గంగా అందులోకి వస్తారు. కానీ దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. అభ్యసన వైకల్యాన్ని కొలిచే పద్ధతి ప్రధానంగా చదవడం, రాయడం, లెక్కల చుట్టూ తిరుగుతుంది. చేతుల నేర్పు లోపం ఒక్కటే ఉన్న మనిషికి అందులో 40 దాకా రావడం కష్టం. చట్టం పేరు రాసి, కొలిచే దారి చూపకుండా వదిలేసిన చోటిది. సరిదిద్దాలి.

అయితే 40 శాతం రాలేదని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, రాయబోతే చేయి బిగుసుకుపోతుంది. 40 శాతం వైకల్యం లేదని లేఖకుడి సాయం నిరాకరించారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 40 శాతం అన్నది రిజర్వేషన్ వంటి వాటికి పెట్టిన గీత, తగిన సౌకర్యం పొందే హక్కు ఆ గీత దాటినవాళ్లకు మాత్రమే పరిమితం కాదు అని తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమైన అభ్యర్థులకు లేఖకుడు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇచ్చే మార్గదర్శకాలు జారీచేసింది. పోటీ పరీక్షలు రాసేవాళ్లు నోటిఫికేషన్‌లో ఈ భాగం తప్పక చదవండి. నిర్ణీత నమూనాలో ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువపత్రం అడుగుతారు, ఆఖరి వారంలో అది దొరకదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు 20వ సెక్షన్ ముఖ్యం. ప్రభుత్వ సంస్థలు వైకల్యం ఉన్న ఉద్యోగికి తగిన సౌకర్యం కల్పించాలని అది చెబుతుంది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ అంటోంది. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ ఆ విధానంలో సహాయ పరికరాల ఏర్పాటు, లయజన్ ఆఫీసరు నియామకం లాంటివి చేర్చాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మీ కంపెనీ వెబ్‌సైటులో ఆ పత్రం వెతకండి. చాలాచోట్ల ఉంటుంది, ఉద్యోగులే చదవరు.

ఆఫీసులో ఎలా అడగాలి?

అందరికీ చెప్పనక్కర్లేదు. ముందు మీ మేనేజరును అంచనా వేసుకోండి. నమ్మకం ఉంటే ఆయనకు, లేకపోతే హెచ్ఆర్‌కు రాతలో ఇవ్వండి. జబ్బు వివరణ రెండు వాక్యాలు దాటొద్దు, మిగతాదంతా పని గురించే ఉండాలి. ఈ తీరులో రాయవచ్చు: 'నాకు డిస్‌ప్రాక్సియా ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారు. చేత్తో వేగంగా రాయడం, ఒకేసారి వింటూ రాయడం కష్టమవుతాయి. మీటింగులు రికార్డు చేసుకోవడానికి అనుమతి, రిజిస్టరు బదులు కంప్యూటరులో నమోదు చేసే వీలు కల్పిస్తే ఈ పనులు గడువులోగా పూర్తిచేయగలను. మూడు నెలలు చూసి ఫలితాన్ని బట్టి నిర్ణయించగలరు.' మూడు నెలలు చూడమన్న మాట అడ్డుచెప్పేవాళ్లను కూడా మెత్తబరుస్తుంది.

అడగదగినవి ఖరీదైనవి కావు. నోటితో చెప్పే ఆదేశాలు మెసేజీ రూపంలోనూ పంపడం, మాటలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు, జనం రాకపోకలు తక్కువున్న సీటు, కొత్త యంత్రం నేర్చుకోవడానికి రెండు రోజులు అదనం, ఒకదాని తర్వాత ఒకటిగా పనులు ఇవ్వడం. ఇప్పుడు చాలా ఫోన్లలో తెలుగులో మాట్లాడితే టైపయ్యే వీలుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నోటిమాటతో ఒప్పుకున్నా సరే, 'ఈ రోజు మనం అనుకున్నవి' అని ఒక ఈమెయిల్ పంపి ఉంచండి. మేనేజర్లు మారతారు.

ఒకమాట మేనేజర్లకు కూడా. మీ దగ్గర చక్కగా ఆలోచించి, చెత్తగా రాసే మనిషి ఉంటే 'అజాగ్రత్త' అని రాసేముందు ఒకసారి పిలిచి, ఏ పని కష్టంగా ఉందని అడగండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు దారి కొంచెం వేరు. బ్రిటన్‌లో జీపీ దగ్గర మొదలుపెట్టాలి, అయితే పెద్దవాళ్లను పరీక్షించే సేవ ప్రతి ప్రాంతంలోనూ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉండదు. అక్కడి 2010 ఈక్వాలిటీ చట్టం జబ్బు పేరు కంటే రోజువారీ జీవితం మీద దాని ప్రభావాన్ని చూస్తుంది. ఆ ప్రభావం గణనీయంగా ఉండి, ఏడాదికి పైగా కొనసాగేదైతే యజమాని తగిన మార్పులు చేయాల్సిందే. కాబట్టి వెయిటింగ్ లిస్టులో ఉన్నప్పుడే అడగడం మొదలుపెట్టవచ్చు. పాత కరపత్రాలన్నీ డిస్‌ప్రాక్సియా ఫౌండేషన్‌ను సంప్రదించమంటాయి. ఆ సంస్థ 2024లో మూతబడింది. అమెరికాలో ఉన్నవాళ్లకు 1990 నాటి ఏడీఏ చట్టం ఆధారం.

నిర్ధారణ అయ్యాక

దీనికి మందు లేదు, మాయం కూడా కాదు. కానీ పని నేర్చుకునే పద్ధతి మార్చుకుంటే తేడా కనిపిస్తుంది. చేతులకు మొత్తంగా వ్యాయామం చేయించడం కంటే, మీకు కావలసిన ఆ ఒక్క పనినే తీసుకుని సాధన చేయడం మేలని ఇప్పటి మార్గదర్శకాల సారం. కెనడాలో రూపొందిన కో-ఆప్ పద్ధతి అలాంటిదే. లక్ష్యం పెట్టుకో, ఎలా చేయాలో పథకం వేసుకో, చెయ్యి, సరిగ్గా వచ్చిందా చూసుకో. థెరపిస్టు మీకు బదులు చెప్పరు, మీ చేతే ఆలోచింపజేస్తారు. గేరు బండి రాకపోతే గేరు లేని బండి, లేసుల బూట్ల బదులు లేసుల్లేనివి వాడటం ఓటమి కాదు. మిగిలిన శక్తిని అసలు పనికి పెట్టండి.

పేరు తెలిసిన తర్వాత కొన్ని వారాలు కోపం, దుఃఖం వస్తాయి. చిన్నప్పుడే ఎవరైనా గుర్తించి ఉంటే అన్న ఆలోచన నిద్ర పట్టనివ్వదు. అది అలాగే ఉండిపోతే కౌన్సెలరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ లక్షణాలు కుటుంబాల్లో ఒకరి నుంచి ఒకరికి రావడం ఉంది. కొంతమంది పెద్దలకు తమ సంగతి తెలిసేది పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడే. మీ బిడ్డకు అయిదేళ్లు దాటి గుండీలు, పెన్సిలు, బంతి మిగతా పిల్లలకంటే బాగా కష్టమవుతుంటే 'నేనూ అంతే, పెద్దయితే సర్దుకుంటుంది' అనుకోవద్దు. పెద్దవాళ్లకు లేని కొలతలు పిల్లలకు ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో 18 ఏళ్లలోపు వాళ్లకు పరీక్షలు ఉచితం. ఈ నెలలోనే తీసుకెళ్లండి.